కాలువ ఇవతలి ఆటో

2025 డిసెంబరు 22, సోమవారం

మా పాలేన్ని ఎవరూ దీవి అని పిలవరు కానీ, ఇక్కడ ఆటో నడిపేవాడికి ఇది దీవే. తూర్పున సముద్రం. పడమట బకింగ్‌హాం కాలువ. ఉత్తరంగా పోతే పెన్న సముద్రంలో కలిసే చోటు, దక్షిణంగా పోతే కృష్ణపట్నం దగ్గర కండలేరు కలిసే ఉప్పుటేరు. నడుమ ఇసుక, సరుగుడు తోటలు, రొయ్యల గుంటలు. ఇందుకూరుపేట పోవాలన్నా నెల్లూరు పోవాలన్నా కాలువ మీద వంతెన దాటాలి. మైపాడు బస్సు వంతెన దగ్గర ఆగి తన దారిన తాను పోతుంది. అక్కడి నుంచి పాలెం దాకా ఉన్న నాలుగు కిలోమీటర్లూ మా ఆటోలవే. అంటే నాదీ, మా చిన్నాన్న కొడుకుదీ.

ఈ రోజు బోట్లు ఆలస్యంగా ఒడ్డు చేరాయి. రాత్రంతా ఉత్తరపు గాలి కొట్టింది. గుళ్ళో తిరుప్పావై అయిపోయి ప్రసాదం పంచడం కూడా పూర్తయింది, ఒడ్డున చేపల వేలం పాట ఇంకా మొదలు కాలేదు. కొద్దిగా వంజరాలు పడితే చెన్నై వ్యాపారి మనిషి అక్కడికక్కడే తూకం వేయించి ఐసు పెట్టెలో సర్దించాడు. మిగిలినవి కవళ్ళు, కానాగంతలు, కాస్త నెత్తళ్ళు. మా ఆడవాళ్ళు అమ్ముకునే సరుకు అదే. పాటలో పాడుకుని, కలిసి కొన్నవాళ్ళు వాటాలు వేసుకుని, తట్టలకెత్తుకుని ఆటో దగ్గరికి వచ్చేసరికి ఎండ ఎక్కింది. కవళ్ళకు ఎండ పడదు. పొద్దెక్కేకొద్దీ బేరమాడే వాళ్ళదే పైచేయి అవుతుంది, మధ్యాహ్నానికి వాళ్ళు అడిగిన ధరకే ఇచ్చి రావాలి. అందుకే ఆ ట్రిప్పును ఎవరి కోసమూ ఆపను. ఇసుకలో చక్రం దిగబడితే తాటిమట్టలు వేసి లాగడానికి ఆడవాళ్ళే దిగుతారు, వాళ్ళకూ తొందరే.

ఈ చేపల ట్రిప్పు గురించి కొంచెం రాసుకోవాలి. తట్టల నుంచి కారే నీసు నీళ్ళు ఆటో అడుగు రేకును తినేస్తాయి. సముద్రపు గాలి ఎటూ తింటూనే ఉంటుంది, దానికి ఇది తోడు. కింద పాత టార్పాలిన్ పరిచి, దాని మీద రబ్బరు పట్టా వేసి, ట్రిప్పు కాగానే బోరు నీళ్ళతో కడుగుతాను. అయినా రేకు మార్పించక తప్పలేదు. నెల్లూరు మైపాడు గేటు దగ్గర ఆటో తిప్పే స్నేహితుడు చేపలు ఎక్కించుకోవద్దని ఎన్నోసార్లు చెప్పాడు. ఆ వాసనకు వేరేవాళ్ళు ఎక్కరట. మా పాలెంలో ఆ వాసన లేని ఇల్లు ఏది? మా అమ్మ నన్ను బడికి పంపింది ఆ తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే. ఆ తట్టను కాదన్న రోజు నా బండికి ఈ ఇసుకలో పని లేనట్టే.

కొన్నేళ్ళు చెన్నైలో యాప్ కారు నడిపాను. ఫోను మోగుతుంది, మ్యాపు ఎటు చూపిస్తే అటు పోవాలి, ఎక్కిన మనిషి ఓటీపీ చెప్పి వెనక కూర్చుంటాడు. దిగాక నక్షత్రాలు ఇస్తాడు. ఎక్కినవాళ్ళలో చాలామంది మంచివాళ్ళే. కానీ పొద్దున ఎక్కిన మనిషి సాయంత్రం ఎదురుపడితే గుర్తుపట్టలేని పని అది. కంపెనీ వాటా, కారు కంతు, గది అద్దె పోగా చేతికి వచ్చేది ఇక్కడికన్నా ఎంతో ఎక్కువేమీ కాదు. ఇక్కడ యాప్ తెరిస్తే చుట్టుపక్కల ఒక్క బండీ కనిపించదు. నా నంబరు మాత్రం ప్రతి ఇంట్లో గోడ మీద బొగ్గుతోనో సుద్దతోనో రాసి ఉంటుంది. ఫోను చేసినవాళ్ళు పేరు చెప్పరు, ఎక్కడికి రావాలో చెప్పరు. "అబ్బాయ్, బయలుదేరావా?" అంటే చాలు. గొంతు విని ఇల్లు ఎటో, పని ఏమిటో తెలుసుకోవాలి. డబ్బు చేతిలో ఉంటే ఇస్తారు, లేకపోతే చేపలు అమ్మి తిరిగొచ్చేటప్పుడు ఇస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నప్పుడు బాకీ పెరుగుతుంది, మళ్ళీ బోట్లు దిగాక తీరుతుంది. ఎగ్గొట్టినవాళ్ళు ఉన్నారా అంటే నాకు గుర్తు లేరు.

ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలై ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక మా పని మారిపోయింది. అంతకుముందు ఇందుకూరుపేట దాకా, ఒక్కోసారి నెల్లూరు దాకా కిరాయి ఉండేది. ఇప్పుడు ఎక్కువమంది వంతెన దగ్గర దిగి బస్సు కోసం నిలబడతారు. నాకు ఆదాయం తగ్గింది, నిజమే. అక్టోబరులో ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు ఇచ్చిన 15 వేలు ఇన్సూరెన్సుకూ ఫిట్‌నెస్‌కూ పోయాయి. స్టాండులో కొందరు ఆ బస్సును తిడుతుంటే వినలేక ఇవతలికి వచ్చేస్తాను. మా చెల్లెలు నెల్లూరులో కుట్టుపని నేర్చుకుంటోంది. ఛార్జీలకు వెనకాడి రెండేళ్ళు ఇంట్లో కూర్చున్న పిల్ల ఇప్పుడు రోజూ పోయి వస్తోంది. ఆ బస్సును నేను ఎలా తిట్టను?

తిట్టాల్సింది వేరే ఉంది. ఈ రోజు మధ్యాహ్నం డ్వాక్రా కంతు కట్టడానికి బ్యాంకుకు పోయే మా వాళ్ళు నలుగురిని ఎక్కించుకుని వంతెన దగ్గర దించాను. మేము చేరేసరికి బస్సు అప్పుడే కదిలిపోతోంది. చెయ్యి ఊపినా ఆగలేదు. తరువాతి బస్సుకు గంటకు పైగా పట్టింది. వాళ్ళలో ఒక పెద్దమ్మ చేతిలో చేపల తట్ట ఉంది, పేటలో మిగిలినవి అమ్ముకుందామని. రెండో బస్సు కండక్టరు తట్టను ఎక్కనివ్వలేదు. మనిషికి టిక్కెట్టు లేదు, తట్టకు చోటు లేదు. ఆమెను నేనే ఇందుకూరుపేట దాకా తీసుకుపోయాను. డబ్బు తీసుకోనంటే ఊరుకోలేదు, రెండు కానాగంతలు ఆకులో చుట్టి సీటు కింద పెట్టేసింది.

బస్సు కోసం ఆ గంట సేపూ కాలువ గట్టు మీద కూర్చున్నప్పుడు ముసలివాళ్ళు చెప్పుకునే మాటలన్నీ గుర్తొచ్చాయి. ధాత కరువులో, అంటే 1876 తరువాతి ఆ చావుల కాలంలో, జనానికి కూలి దొరకాలని ఈ కాలువను తవ్వించి పాత కాలువలతో కలిపారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దీనికి పెట్టారు. ఉప్పు, ధాన్యం, సరుగుడు కట్టెలు ఇందులోనే పడవల మీద మద్రాసు పోయేవి. గాలి లేని రోజున మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్ళతో పడవను లాగేవారు. మా ముత్తాత అలా లాగినవాడే. మా ఇంట్లో బండి నడిపే పని నాతో మొదలైంది కాదు.

వచ్చే శుక్రవారానికి సునామీకి 21 ఏళ్ళు. ఆ ఆదివారం నేను చిన్నపిల్లవాణ్ణి. సముద్రం ఇసుక దిబ్బ దాటి లోపలికి వస్తే జనమంతా ఈ వంతెన వైపే పరిగెత్తారు. నీళ్ళు చాలావరకు కాలువలోకి దిగి పారాయని, లేకపోతే అవతలి ఊళ్ళకూ చేరేవని మా వాళ్ళు ఇప్పటికీ చెబుతారు. మా అమ్మ చంకలో చెల్లెలు, చేతిలో నేను. ఆ రోజు ఒక్క బండి ఉన్నా నడవలేని ముసలివాళ్ళను ముందు దాటించేవాళ్ళమని నాన్న చాలా రోజులు అనేవాడు. నేను చెన్నై నుంచి తిరిగొచ్చి ఆటో కొంటానన్నప్పుడు, నష్టమని అందరూ అడ్డుచెప్పినా ఆయన ఒక్కడూ ఏమీ అనలేదు. తుపాను హెచ్చరిక వస్తే ఇప్పటికీ నా బండిలో డీజిలు నిండుగా ఉందా అని మొదట అడిగేది ఆయనే.

సాయంత్రం పిల్లల ట్రిప్పు, రోజూ లాగే.

రాత్రి కరెంటు పోయింది. భోజనానికి కూర్చోబోతుంటే రొయ్యల గుంటల మామ ఫోను. ఆయన జనరేటరులో డీజిలు అయిపోవచ్చింది. నీళ్ళలో గాలి కలిపే చక్రాలు, అదే ఏరేటర్లు, ఆగితే గుంటలో ప్రాణవాయువు తగ్గుతూ పోతుంది, తెల్లవారుజాముకు మరీ అడుగంటుతుంది. అప్పుడు వనామీ రొయ్యలు నీటి పైకి తేలి గట్టు పక్కకు చేరతాయి. పట్టుబడికి ఇంకా మూడు వారాలుంది, పెట్టుబడంతా నీళ్ళలో ఉంది. కంచం పక్కన పెట్టి, ఇందుకూరుపేట బంకుకు పోయి క్యాన్లు నింపి తెచ్చాను. మేము పోసేలోగా ఒక వైపు ఏరేటర్లు ఆగనే ఆగాయి. మామ, వాళ్ళ అబ్బాయి గుంటలో దిగి తెడ్లతో నీళ్ళు కలబెడుతున్నారు. ఎముకలు కొరికే చలి. మళ్ళీ చక్రాలు తిరిగాక గానీ ఆయన నోట మాట రాలేదు.

తిరిగొచ్చి అర్జీ రాయడానికి కూర్చున్నాను. నెల్లూరు కలెక్టరేటులో సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారు. బస్సును ఆపేయమని రాయడం లేదు. వంతెన దగ్గర పొద్దున, సాయంత్రం బస్సులు పది నిమిషాలు నిలిస్తే చాలు, మా ఆటోలు ఆ వేళకు పాలెం జనాన్ని చేరుస్తాయి. వెనక సీటు పక్కన మూతపెట్టెల్లో ఉన్న చేపలను ఎక్కనివ్వాలి, ఆ పెట్టెలు నీళ్ళు కారనివి తెచ్చుకునే బాధ్యత మాది. దూరపు కిరాయి బస్సుకు పోతే పోనీ, వంతెన దాకా తిరిగే ట్రిప్పులు పెరిగినా నా ఇల్లు గడుస్తుంది. మా చిన్నాన్న కొడుకు మొదట ఒప్పుకోలేదు. లెక్క వేసి చూపిస్తే ఊ అన్నాడు.

సంతకాల కోసం అప్పుడే రెండు వీధులు తిరిగి వచ్చాను. మధ్యాహ్నం తట్టతో నిలబడిన పెద్దమ్మ వేలిముద్ర వేసి, "వచ్చే సోమవారం నేనూ వస్తాను. చేపల తట్ట తీసుకునే వస్తాను. ఎంత చోటు పడుతుందో కలెక్టరు గారు కళ్ళారా చూస్తారు" అంది. ఆమెతో పాటు ఇంకో ముగ్గురు సిద్ధమయ్యారు. పొద్దున్నే పాట అయిపోగానే నా ఆటోలోనే బయలుదేరాలని అనుకున్నాం.