పొయ్యి దగ్గర నిలబడే తీరు

నెలకోసారి అలిపిరి నుంచి నడిచి కొండెక్కడం నాకు 11 ఏళ్ల అలవాటు. 3,550 మెట్లు. గాలిగోపురం దాటాక దారి కాస్త తెరిపినిస్తుంది గానీ, చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర కుర్రాళ్లు కూడా మోకాళ్లు పట్టుకుని కూలబడతారు. నాకేనాడూ మోకాళ్లు నొప్పెట్టలేదు. మొండికేసింది కుడి తుంటి.

మొదట్లో రాత్రిళ్లే. కుడివైపు ఒత్తిగిలితే పక్క ఎముక మీద ఎవరో బొటనవేలితో నొక్కిపట్టినట్టుండేది. ఎడమకు తిరిగినా సుఖం లేదు, పైకాలు వాలిపోయి లాగేది. మా అత్తయ్య వాతమన్నారు, పక్కింటావిడ సయాటికా అంది. నేనేమో కండరం పట్టేసిందనుకుని, వీడియోలు చూస్తూ కాలు మీద కాలేసుకుని రెండు నెలలు తెగ సాగదీశాను. ఎంత లాగితే అంత మంట. అయినా మానితేనా!

ఎక్స్‌రేలో కీలు బాగానే ఉంది. డాక్టరుగారు తుంటి పక్కన ఒక్కచోట వేలు పెట్టి నొక్కితే బల్ల మీంచి లేచిపోయాను. పిరుదు కండరాలు ఎముకను అంటుకునే చోట, వాటిని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి టెండాన్ దెబ్బతిందట. 40 దాటిన ఆడవాళ్లలో ఎక్కువట. సాగదీసినప్పుడల్లా అది ఎముకకు ఇంకా ఒత్తుకుంటుందని చెప్పి, ముందు ఆ పని ఆపమన్నారు.

ఫిజియో అమ్మాయి ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడమంది. పది కాకముందే నొప్పి. "ఇంట్లో పొయ్యి దగ్గర ఎలా నిలబడతారు మేడమ్?" అని అడిగింది. నిలబడి చూపించాను. బరువంతా కుడికాలి మీద, తుంటి పక్కకు జారేసి, ఎడమకాలు ఊరికే ఆనించి. పెళ్లయినప్పట్నుంచీ పెట్టిన తిరగమోతలన్నీ అలాగే పెట్టాను మరి. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది.

ఆ రోజు నుంచి రెండు కాళ్ల మీదా సమంగా నిలబడటం, బాసింపట్టు మానేయడం, రాత్రి మోకాళ్ల మధ్య దిండు. వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం, ఒక్క మెట్టే ఎక్కి దిగడం. మర్నాడు పొద్దున నొప్పి పెరిగితే నిన్నటిది ఎక్కువైనట్టు లెక్క. విసుగ్గా ఉండేది, వారాలకు వారాలు తేడాయే తెలియలేదు. మూడో నెలలో ఓ రోజు ఆటో ఎక్కి కూర్చున్నాక గుర్తొచ్చింది, "అమ్మా" అనలేదని.

ఏడో నెలలో కొండెక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర రెండుసార్లు కూర్చున్నాను, మా ఆయన మజ్జిగ తెచ్చిచ్చారు. ఆ రాత్రి కుడివైపే తిరిగి పడుకున్నాను. దిండు మాత్రం తీయలేదు.