కొర్రమట్ట పందెం

జూన్ 8, 2024, శనివారం. మహబూబ్‌నగర్.

ఈ రోజు మిరుగం, అంటే మృగశిర కార్తె, చేప తినే రోజు. పొద్దున ఆరు గంటలకే సంచి పట్టుకొని బయలుదేరాను. ఏటా మా ఇంట్లో రవ్వ చేపతోనో బొచ్చెతోనో పని జరిగిపోతుంది, కానీ ఈసారి పందెం ఓడిపోయాను కాబట్టి కొర్రమట్టే కొనాలి. మా పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పే సారుకూ నాకూ మార్చిలోనే మాట అయింది: మహబూబ్‌నగర్ లోక్‌సభ స్థానం కాంగ్రెస్‌దని నేను, బీజేపీదని ఆయన. ఎన్నికల విధుల్లో ఉండేవాళ్ళం పందెం కాయడం మర్యాద కాదన్న బెరుకుతో డబ్బు జోలికి పోకుండా చేప దగ్గర ఆగాము.

నా లెక్క అప్పుడు నాకు చాలా గట్టిగా కనిపించింది. కొడంగల్, నారాయణపేట, మహబూబ్‌నగర్, జడ్చర్ల, దేవరకద్ర, మక్తల్, షాద్‌నగర్, ఈ స్థానం కిందికొచ్చే ఏడు శాసనసభ నియోజకవర్గాలనూ నిరుడు డిసెంబర్ 3న కాంగ్రెస్ గెలుచుకుంది. వాటిలో ఒకటి సాక్షాత్తు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిది. ఆరు నెలలు తిరగకముందే అదే ఓటర్లు అదే పార్టీని ఎలా కాదంటారు అనుకున్నాను. మంగళవారం లెక్కింపులో ఆధిక్యం అటూ ఇటూ ఊగిసలాడి, చివరికి బీజేపీ అభ్యర్థి డి.కె. అరుణ 4,500 ఓట్లతో గెలిచారు. కాంగ్రెస్ అభ్యర్థి చల్లా వంశీచంద్ రెడ్డికి వేసిన వాళ్ళ సంఖ్యా అయిదు లక్షలు దాటింది. ఆ తేడాను ఏడు నియోజకవర్గాలకు పంచితే తలా 643 కూడా సరిగా రావు. 2,251 మంది మనసు మార్చుకొని ఉంటే కొర్రమట్ట కొనే సంచి ఆ సారు చేతిలో ఉండేది.

అయినా ఇది అదృష్టం తప్పిన సంగతి కాదని, నేను లెక్క మొదలుపెట్టిన చోటే తప్పుందని నాలుగు రోజులుగా అనిపిస్తోంది. శాసనసభ ఫలితం పక్కన లోక్‌సభ ఫలితాన్ని పెట్టి చూశాను కానీ, లోక్‌సభ పక్కన లోక్‌సభను పెట్టి చూడాల్సింది. 2019లో ఇదే స్థానంలో టీఆర్‌ఎస్ (ఇప్పటి బీఆర్‌ఎస్) అభ్యర్థి మన్నె శ్రీనివాస్ రెడ్డి చేతిలో ఓడినప్పుడు కూడా అరుణకు మూడు లక్షల ముప్పై వేలకు పైగా ఓట్లు వచ్చాయి. పోలింగ్ నాటికి ఆవిడ బీజేపీలో చేరి నెల కూడా కాలేదు. అంతకు ముందు 1999లో జితేందర్ రెడ్డి ఇక్కడి నుంచి బీజేపీ తరఫునే లోక్‌సభకు వెళ్ళారు. మొన్న మార్చిలో ఆయన కాంగ్రెస్‌లో చేరారు. ఇప్పటి మా పట్టణ కాంగ్రెస్ ఎమ్మెల్యే యెన్నం శ్రీనివాస్ రెడ్డి 2012 ఉప ఎన్నికలో బీజేపీ అభ్యర్థిగా గెలిచినవారే. నాయకులు ఇన్ని గడపలు దాటిన ఊళ్ళో ఓటరు ఒక్కడే ఒక గుర్తుకు కట్టుబడి కూర్చుంటాడని నమ్మడం నా తెలివితక్కువతనం.

రెండు ఎన్నికలూ ఒకే రోజు జరిగిన 2014లో ఈ తేడా బయటపడే సందు లేదు. 2018లో కేసీఆర్ శాసనసభను ముందే రద్దు చేయడంతో మనకు రెండు ఎన్నికలు విడివిడిగా వచ్చాయి. ఆ డిసెంబర్‌లో 119లో 88 స్థానాలు గెలిచిన టీఆర్‌ఎస్‌కు నాలుగు నెలల తరువాత 17లో 9 మాత్రమే దక్కాయి. శాసనసభలో ఒక్క స్థానంతో సరిపెట్టుకున్న బీజేపీకి 4 వచ్చాయి. పాఠం అప్పుడే చెప్పారు, నేనే వినలేదు.

మే 13న నేను ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా ఉన్న బూత్‌లో ఒక ముసలమ్మ, వేలికి సిరా పెట్టించుకుంటూ నా వైపు తిరిగి, "ఇది ఊరి ఓటా నాయనా, ఢిల్లీ ఓటా?" అని అడిగింది. "పార్లమెంటుది అవ్వా" అన్నాను, అంతకు మించి నోరు విప్పే వీలు లేదు. ఆమె "ఆఁ, గట్లనా" అని, తడి ఆరని వేలు ఎత్తిపట్టుకొనే కాసేపు నిలబడి, అప్పుడు లోపలికి వెళ్ళింది. ఏం నొక్కిందో దేవుడికెరుక. కానీ ఆ కాసేపట్లో ఆమె చూసుకున్న లెక్కను నేను మార్చి నుంచి ఒక్కసారి కూడా చూసుకోలేదు.

చేపలమ్మే ఆమె కొర్రమట్టను గంపలోంచి తీస్తుంటే అది జారి పక్క తట్టలో పడింది. ఆమెకు కాంగ్రెస్ ప్రభుత్వం ఆడవాళ్ళకు పెట్టిన ఉచిత బస్సు సంతోషమే, కొడుకు ఆటో మాత్రం అడ్డా మీద ఖాళీగా ఉంటోందట. "మరి ఓటు ఎటేసిన్రక్కా?" అని ఆగలేక అడిగాను. "చెప్తే కిలో మీద పది రూపాలు ఎక్కువిస్తవా సారూ?" అంది, త్రాసు మీది నుంచి కళ్ళు ఎత్తకుండానే.

శాసనసభ ఎన్నికల నుంచి లోక్‌సభ ఎన్నికలకు వచ్చేసరికి రాష్ట్రం మొత్తం మీద బీఆర్‌ఎస్ ఓటు సుమారు 37 శాతం నుంచి 17కు దిగింది, బీజేపీది 14 నుంచి 35కు ఎక్కింది, కాంగ్రెస్ దాదాపు నలభై దగ్గరే ఉంది. దీన్ని చూసి కారు ఓట్లన్నీ కమలానికి పోయాయని టీవీల్లో తేల్చేస్తున్నారు. మొత్తాలు అలా కనిపించినంత మాత్రాన మనుషులు అలాగే కదిలారని కాదు; కొందరు అటు నుంచి చేతికి, కొందరు చేతి నుంచి కమలానికి పోయినా మొత్తం ఇంతే వస్తుంది. మిర్యాలగూడ నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "మా దగ్గర 5 లక్షల 59 వేల మెజారిటీ బావా, మీరేంది గింత పని చేసిన్రు?" అని ఎగతాళి చేశాడు. నల్లగొండలో బీజేపీ, బీఆర్‌ఎస్ ఓట్లు రెండూ కలిపినా గెలిచిన కాంగ్రెస్ అభ్యర్థి రఘువీర్ రెడ్డికి చాలా దూరం. అక్కడా కారు పడింది, కానీ ఆ ఓటును ఏరుకోవడానికి బీజేపీకి మా పాలమూరులో ఉన్నంత పాత పునాది లేదు. ఒకే రోజు, ఒకే రాష్ట్రం, ఫలితం మాత్రం వేరు.

మధ్యాహ్నం సారు వచ్చారు. పులుసులో మామిడికాయ బాగా పడిందని మెచ్చుకున్నారు. మార్చిలో ఆయన లక్ష మెజారిటీ అన్న సంగతి గుర్తుచేసి, వచ్చింది 4,500 కాబట్టి సగం చేప నాదేనని వాదించాను. ఆయన ఒప్పుకోలేదు. మా ఆవిడ తలకాయ ముక్క తీసి తన పళ్ళెంలో వేసుకుంది.