చెట్ బేకర్ చివరి రికార్డులు

నిన్న రాత్రి చాలాసేపు అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు చెట్ బేకర్‌నే విన్నాను. ట్రంపెట్ వాయించేవాడికి ఊపిరితో పాటు ముందుపళ్లూ ఆస్తే. పెదవికి ఆనుడు అవే. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర తగిలిన దెబ్బలకు ఆయన నోరు పాడైంది. కట్టుడు పళ్లతో ఓనమాల నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఇటలీలో జైలుకు పంపిన హెరాయిన్ మాత్రం వదల్లేదు. 1988 మేలో ఆమ్‌స్టర్‌డామ్‌లో హోటల్ కిటికీలోంచి పడి చనిపోయాడు. అప్పటికి 58 ఏళ్లే, ముఖం చూస్తే ఎనభై అనిపిస్తుంది.

అందరూ 1950ల నాటి అందగాడిని తలుచుకుంటారు. నాకు మాత్రం చివరి రికార్డులే ఇష్టం. స్వరం పలికేలోపే గాలి సుయ్యిమంటుంది, ఒక్కోచోట స్వరం వణుకుతుంది, అయినా పాట వరుస తప్పదు. ఇంత సాధనను పక్కన పెట్టి, ఆ గొప్పతనమంతా మత్తుదే అన్నట్లు మురిసిపోయి రాసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.