ముందు ఏమేం పోతాయో చూడరా!

కావలిలో మా బాబాయి కొడుకు ఉబుంటు (విండోస్‌లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ల్యాప్‌టాప్‌లో వీడియో ఎడిటర్ ఎక్కించబోతుంటే, "ఆగరా, ఆప్ట్ కమాండ్‌కి డ్యాష్ ఎస్ తగిలించు" అన్నాను. ఆప్ట్ అంటే ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ఎక్కించే, తీసేసే కమాండ్. దానికి -s ఇస్తే ఏదీ ఇన్‌స్టాల్ కాదు, జరగబోయేది మాత్రం చూపిస్తుంది. కొత్తగా వచ్చేవాటి జాబితా చాంతాడంత. దాంతో నాకు టెన్షన్ లేదు. నేను చూసేది తీసేసేవాటి వరుస. అందులో వాడి డెస్క్‌టాప్ ప్యాకేజీ (తెర మీద విండోలు, మెనూలు చూపించే సాఫ్ట్‌వేర్) పేరే ఉంది! ఎవరో చెప్పారని కలిపిన బయటి రిపోజిటరీతో (సాఫ్ట్‌వేర్ దించుకునే చోటు) వెర్షన్లు కుదరలేదు.

"చూడకుండా, కొనసాగించాలా అని అడిగినప్పుడు వై కొట్టేసుంటే?" అన్నాడు వాడు.
"నల్ల స్క్రీన్ చూస్తూ కూర్చునేవాడివి."

(2016లో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే చోటు) నుంచి తీసేస్తే, దాన్ని నమ్ముకున్న పెద్ద పెద్ద ప్రాజెక్టుల బిల్డ్‌లే (కోడ్‌ని వాడుకునే ప్రోగ్రామ్‌గా తయారుచేసే పని) ఆగిపోయాయి. మనమెంత!)

ఆ రిపోజిటరీ తీసేసి, ఉబుంటు ఇచ్చే వెర్షనే పెట్టాం. కాస్త పాతదే, వాడి పెళ్లి వీడియోలకు చాలు.