నువ్వుల చిక్కీకి పాకం కుదిరిన వైనం

మాది అనంతపురం. భోగికి నువ్వులద్దిన సజ్జ రొట్టెలు, సంక్రాంతికి నువ్వులుండలు ఇంట్లోనే చేస్తాం. పల్చగా, కొరికితే పటుక్కుమనే నువ్వుల చిక్కీ మాత్రం ఎప్పుడూ కొట్లోనే కొనేవాళ్లం. బెంగళూరు వచ్చాక పాప స్కూలు డబ్బాలోకి తరచూ కొనాల్సి వచ్చింది. ఒకసారి ప్యాకెట్ వెనక చదివితే లిక్విడ్ గ్లూకోజ్ ఉంది. పాకం గరుకుగా పలుకులు కట్టకుండా వేస్తారు, అదేమీ నేరం కాదు. కానీ నా బిడ్డ తినేదాంట్లో నువ్వులు, బెల్లం, కాస్త నెయ్యి ఉంటే చాలనిపించి ఇంట్లోనే మొదలుపెట్టాను.

నువ్వులు పొట్టు తీయనివే తీసుకున్నాను. నువ్వుల్లో కాల్షియం ఎక్కువంటారు కదా, అదంతా దాదాపు పొట్టులోనే ఉంటుంది. పొట్టుతో ఉన్న వంద గ్రాముల్లో 975 మిల్లీగ్రాముల దాకా ఉంటే, పొట్టు తీసిన పప్పులో 60 మాత్రమే. పొట్టులోని కాల్షియమంతా ఒంటికి పట్టదు, అయినా నాకు ఆ రుచే ఇష్టం. సన్నటి సెగ మీద చిటపటలాడేదాకా వేయించి, రెండు గింజలు వేళ్ల మధ్య నలిపితే పొడి అవ్వగానే పళ్లెంలోకి తీసేయాలి. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే మాడి చేదెక్కుతాయి.

అసలు కష్టం బెల్లంతో వచ్చింది. మా వీధి కొట్లో కొన్న పచ్చటి, మెరిసే బెల్లం ఎంతసేపు కాచినా గట్టిపడలేదు. చిక్కీ పళ్లకు అంటుకుని సాగింది. పై అంతస్తులో ఉండే కన్నడ ఆంటీ ఏటా సంక్రాంతికి ఎళ్ళు బెల్ల (నువ్వులు, బెల్లం ముక్కల మిశ్రమం) కలిపి అందరికీ పంచుతారు. ఆవిడ చెయ్యి పెట్టి చూసి, ‘ఇది పాకానికి పనికిరాదమ్మా, మండ్య అచ్చు బెల్లం తెచ్చుకో, ముదురు రంగుది’ అన్నారు. గాంధీ బజార్‌కి వెళ్లి తెచ్చాను. నిజంగానే తేడా వచ్చింది. చెమ్మ పట్టిన, పులిసిన రసంతో వండిన బెల్లంలో చక్కెర విరిగిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఎక్కువవుతాయి. అవి గాలిలో తేమను లాక్కుంటాయి, ఇక పాకం గట్టిగా నిలబడదు.

పావు కిలో నువ్వులకు పావు కిలో బెల్లం. కొద్దిగా నీళ్లతో కరిగించి వడకట్టాలి, ఇసుక, చెరకు పీచు తప్పకుండా ఉంటాయి. ఆ తర్వాత ఒక చెంచా నెయ్యి వేసి కాచడమే.

ముదురు పాకం 150 డిగ్రీల దగ్గర వస్తుందని విని వంట థర్మామీటర్ కొన్నాను. మరిగే నీళ్లలో పెడితే 97 చూపించింది. అది చెడిపోయి కాదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే ఉంది, ఇక్కడ నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. పాకం లెక్క కూడా ఆ మూడు డిగ్రీలు తగ్గించుకోవాలి. అంత చేసినా పావు కిలో బెల్లం మూకుడు అడుగున పల్చగా పరుచుకుంటుంది, థర్మామీటర్ మొన సరిగ్గా మునగదు. అమ్మ ఫోన్‌లో విని, ‘అదంతా ఎందుకే? నీళ్ల గిన్నెలో చుక్క వెయ్యి, తీసి పళ్లేనికేసి కొట్టు. టంగుమంటే అయినట్టే’ అంది.

ఇప్పుడు నాకదే లెక్క. మొదట చుక్క నీళ్లలో కరిగిపోతుంది. కాసేపటికి వేళ్లకు మెత్తటి ఉండ అందుతుంది, నువ్వులుండలకు అది చాలు. ఇంకాస్త ఆగితే ముక్క వంగుతుంది గానీ విరగదు. చాలామంది చిక్కీ సాగడానికి ఇక్కడ దించేయడమే కారణమని నా నమ్మకం. ముక్క పుటుక్కున విరిగి, పళ్లేనికి తగిలి మోగాలి. అక్కణ్నుంచి మాడు వాసనకు ఎక్కువ సమయం పట్టదు, కాబట్టి ఆ కాసేపు ఫోన్ మోగినా తీయను. వెంటనే చిటికెడు వంటసోడా. పాకం నురగలా పొంగి రంగు తేలుతుంది, చిక్కీ గుల్లగా వస్తుంది. పొయ్యి కట్టేసి నువ్వులు కలిపేయడమే.

జనవరి పొద్దున బెంగళూరు చలికి వంటగట్టు గ్రానైట్ మంచులా ఉంటుంది. దాని మీద పోస్తే కర్ర తిప్పేలోపే బిగుసుకుపోతుంది. అందుకే నెయ్యి రాసిన రెండు బటర్ పేపర్ల మధ్య, చపాతీ పీట మీద ఒత్తుతాను. వేడి మీదే చాకుతో గాట్లు పెట్టాలి, ఆరాక కోస్తే అడ్డదిడ్డంగా విరుగుతుంది. పూర్తిగా చల్లారాకే బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలోకి. వానాకాలంలో తొందరగా మెత్తబడుతుంది కాబట్టి అప్పుడు సగం కొలతే చేస్తాను.

ఈమధ్య నల్ల నువ్వులతో చేస్తున్నాను. వాటి రంగు చూసి వేగాయో లేదో చెప్పలేం. వాటిలో గుప్పెడు తెల్ల నువ్వులు కలిపి వేయిస్తాను. తెల్లవి దోరగా మారగానే మూకుడు దించేస్తాను.