రాత్రి బస్సు పాట: మూడో రూపం

పల్లవి ఇప్పటికి ఇలా నిలిచింది:

ఊరి చివరన రావి చెట్టుకు
ఊసు చెబుతూ ఆగిపోయిన
రాత్రి బస్సా! ఎవరి కోసం
ఇంత ఆలస్యం?

నడక మిశ్ర చాపు తాళం, అంటే మూడూ నాలుగూ కలిసిన ఏడు మాత్రలు. పొట్టి అక్షరానికి ఒక మాత్ర; దీర్ఘానికీ, సున్నా ఉన్నదానికీ, ఒత్తక్షరానికి ముందున్నదానికీ రెండు. తకిట తకదిమి అని చేత్తో తొడ మీద వేసుకుంటూ రాశాను. పాదానికి రెండు ఏడులు, మొత్తం 14 మాత్రలు. గురజాడ అప్పారావు ముత్యాల సరం కొలత కూడా ఇదే: మొదటి మూడు పాదాలకు పద్నాలుగేసి, నాలుగోది పొట్టిది. బాణీ కట్టడం కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి ఛందస్సు లేదని నా నమ్మకం. మాటలు దొర్లుతూ వస్తాయి, తాళం ఎక్కడ తప్పినా వెంటనే తెలిసిపోతుంది.

విజయవాడలో ఒక మిత్రుడి డాబా మీది గదిలో నెలకోసారి కలుస్తాం. ఆరుగురం, అందరివీ వేరే ఉద్యోగాలు. పాట వినిపించే పద్ధతి ఒకటి పెట్టుకున్నాం, అదే మా పాటలను బాగుచేస్తోందని నా అభిప్రాయం. పాట రాసినవారు సాహిత్యం ఉన్న కాగితం ఎవరికీ ఇవ్వరు. ఒకసారి పాడతారు లేదా ఫోనులో వినిపిస్తారు. విన్నవాళ్లు తమకు వినబడిన పల్లవిని తమ పుస్తకాల్లో రాసుకుంటారు. ఆ తరువాతే మాట్లాడటం. ఉత్తి ‘బాగుంది’ చెల్లదు, ‘బాగా లేదు’ కూడా చెల్లదు. ఏ పాదం, ఏ మాట, ఏ స్వరం దగ్గర మనసు పక్కకు పోయిందో చెప్పాలి. చర్చ ముగిసేదాకా రాసినవారు నోరు విప్పకూడదు. ఈ చివరి నియమం అందరికీ కష్టం, నాకు మరీ.

మొదటి రూపంలో రెండో పాదం ‘ప్రయాణికులకై నిలిచిపోయిన’ అని ఉండేది. ఐదు పుస్తకాలు తెరిచి చూస్తే ఆ మాట సరిగ్గా రాసినవాళ్లు ఇద్దరే. ఒకరు ‘యాణికులకై’ దగ్గర ప్రశ్నార్థకం పెట్టారు. ఇంకొకరు నిబ్బరంగా ‘వాణి కులకై’ అని రాశారు! కారణం హార్మోనియం వాయించే ఆవిడ పట్టుకున్నారు. ‘ప్రయాణికులకై’కి ఎనిమిది మాత్రలు, తాళంలో చోటు ఏడింటికే. పాడేటప్పుడు గొంతు దానంతట అదే ‘ప్ర’ను ముందు పాదం చివరికి నెట్టేసి, దెబ్బను ‘యా’ మీద వేస్తోంది. ‘యాణి’ మూడు, ‘కులకై’ నాలుగు, తాళానికి సరిగ్గా సరిపోతోంది. చెవికి మాత్రం ‘ప్ర’ అందడం లేదు. కాగితం మీద చూస్తే ఆ పాదంలో ఏ లోపమూ కనబడదు. అందుకే కాగితం ముందుగా ఇవ్వకపోవడం.

‘ఊసు చెబుతూ’ రాగానే ఒక అభ్యంతరం: ఆగిన బస్సు చెట్టుకు ఊసులెలా చెబుతుంది? ఇంజను ఆపలేదు కదా, గుర్రుమంటూ ఉంటుంది అన్నాను, చర్చ ముగిశాకే లెండి. ఆ శబ్దం చరణంలో ఎక్కడైనా వినబడాలని తీర్మానించారు. న్యాయమే.

ఎక్కువసేపు పట్టింది నాలుగో పాదానికి. ‘ఇంత ఆలస్యం’ తొమ్మిది మాత్రలు, రెండు ఏడులు నిండటానికి ఇంకో ఐదు కావాలి. బాణీలో ఆ ఐదింటినీ చివరి ‘స్యం’ మీద సాగదీశాను, అదీ పై షడ్జం (పై ‘స’) దగ్గర. సున్నా మీద గొంతు సాగదు. పెదవులు మూతబడి పాట కాస్తా మూలుగవుతుంది. సాగే చోట ఆ, ఏ, ఓ లాంటి నోరు తెరుచుకునే దీర్ఘం ఉండాలి. ఒకాయన అక్కడికక్కడే ‘ఇంత జాగేలా’ అని అందించారు. లెక్క సరిగ్గా సరిపోతుంది, చివర ‘లా’ ఎంతసేపైనా నిలుస్తుంది. కానీ రాత్రి పదింటికి బస్టాండులో నిలబడి ‘జాగేలా’ అనేవారెవరు? ఆ మాట వేస్తే బస్సుకు పట్టుపంచె కట్టినట్టుంటుంది. మాట ఉంచుకుని బాణీనే మార్చాను. ‘ఇంత’ మూడు, ఆ తరువాత ‘ఆ’ను మొదటి ఏడు పూర్తయ్యేదాకా, ఇంకా రెండో ఏడులోని మూడు మాత్రల దాకా లాగి, మిగిలిన నాలుగింట్లో ‘లస్యం’ దించేశాను. ఇప్పుడు సాగేది ‘ఆ’, ముగిసేది పొట్టిగా. ఆలస్యమన్న భావం కూడా ఆ లాగడంలోనే వినిపిస్తోందని ఇద్దరు అన్నారు. అది కలిసొచ్చిన లాభం.

బాణీ మోహన రాగంలో ఉంది. సరిగపద, ఐదే స్వరాలు. అందంగా వస్తుంది, కానీ అందరూ తొక్కిన దారి. చరణం ఎత్తుగడను మాటల్లేకుండా ‘లాలా’ అని వినిపిస్తే, ఒకావిడ రెండో పాదం నుంచి వేరే పాట అందుకుని హాయిగా పాడుకుపోయారు. ఇది మంచి పరీక్ష, ఎవరైనా ఇంట్లోనే చేసి చూడవచ్చు. దిగేటప్పుడు నిషాదం (ని), మధ్యమం (మ) తగిలిస్తే బిలహరి రాగం ఛాయ వచ్చి ఆ పాట పోలిక తప్పుతుందని సలహా. లలిత గీతం కనుక రాగ నియమాల గొడవ లేదు. చరణం ధైవతం (ద) మీద ఎత్తుకుని, దిగేటప్పుడు మధ్యమాన్ని తాకి చూశాను. పోలిక పోయింది.

నా పాటకంటే ఎక్కువ నేర్పినది ఆ రోజు మరో సభ్యుడి వాన పాట. ఆయన పాదాలన్నీ ‘వచ్చింది, తడిచింది, నవ్వింది’ అని ముగుస్తాయి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కనుక అంత్యప్రాస అప్పనంగా దొరుకుతుంది. ‘ఇంది’తో ‘ఇంది’ కలిస్తే చెవికి కొత్తేమీ అందదు, మూడో పాదానికి ముందే వినేవాడు ముగింపు ఊహించేస్తాడు. క్రియను పాదం చివరి నుంచి తప్పించమన్నాం. ఆయన కాసేపు అలిగి, తరువాత ‘వాన కురిసిన వీధి నిండా / కాగితాలే పడవలన్నీ’ అని తెచ్చారు. పాటలో ఒక్క క్రియ కూడా ముగియలేదు, అయినా వాన కళ్లకు కట్టింది. ఆ రెండు పాదాలు విని నాకు అసూయ కలిగిందని ఇక్కడే చెప్పేస్తున్నాను.

రికార్డింగు ఫోనుతోనే. ఫ్యాను ఆపి, ఫోను నోటికి జానెడు దూరంలో కాస్త పక్కకు పెట్టి, చెవిలో తంబుర, తాళం వినబడేలా ఇయర్‌ఫోను పెట్టుకుంటాను. వేగం నిమిషానికి 180 మాత్రలు. 210 చేయమని ఒకరన్నారు, కానీ బస్సు ఆగి ఉంది, పరుగెందుకు? ప్రతి రూపాన్నీ తేదీతో దాచుకుంటున్నాను, మాటలతో పాటు స్వరాలు కూడా. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరు ఉంది కానీ స్వరాలు లేవు. ఈ రోజు మనం వినే అన్నమయ్య బాణీల్లో చాలావరకు ఇటీవలి విద్వాంసులు కట్టినవే. అంతటివారికే అలా జరిగితే మన బాణీ నెల తిరిగేసరికి మనకే గుర్తుండదు.

మిగిలినది మొదటి చరణం. ‘కిటికి పక్కన సీటు ఖాళీ / దాని మీదొక మల్లెరేకు’ అని రాశాను. మల్లెపువ్వు పాటల్లో అరిగిపోయిందని నలుగురి మాట. పైగా ‘మల్లెరేకు’కు ఒక మాత్ర తక్కువ, ‘పాత టిక్కెట్’ అని మారిస్తే సరిపోతుంది. ‘కిటికీ’ని ‘కిటికి’గా కుదించడం మీదా ఒక గొణుగుడు ఉంది, దాన్ని నేను పట్టించుకోను. సీటు ఎవరి కోసం ఖాళీగా ఉందో చరణంలో చెప్పాలన్నారు, అదీ చెప్పను. టిక్కెట్టా, మల్లెరేకా అన్నది వచ్చేసారి తేలుతుంది. అప్పుడు పాడేది హార్మోనియం ఆవిడ, అదీ ఐదో శ్రుతిలో, అంటే నా ఒకటో శ్రుతి కంటే ఎత్తైన ఆధార స్వరంలో. నా శ్రుతికి కట్టిన పై గాంధారం (గ) ఆవిడ గొంతుకు అందుతుందో లేదో ముందు చూడాలి. అందకపోతే చరణం దాని కింది రిషభం (రి) దగ్గరే ఆపేస్తాను.