ఫెర్న్‌కి గుండు

బాల్కనీలో వేలాడే బోస్టన్ ఫెర్న్ మొక్కకి పోయిన నెల నేనే గుండు చేశాను. సింహాచలంలో తలనీలాలు ఇచ్చినట్టే, ఒక్క రెమ్మ మిగల్లేదు. ఆకుల అడుగున గోధుమరంగు చుక్కలు చూసి పురుగు పట్టిందని టెన్షన్ పడిపోయాను మరి.

అంతా అయ్యాక పక్కింటి పిన్నిగారు వచ్చి, కింద పడిన రెమ్మ తిప్పి చూపించారు. "ఈనెకి రెండు పక్కలా ఇంత వరసగా కూర్చునే పురుగుని ఎక్కడైనా చూశావా అమ్మా?" ఫెర్న్‌కి పువ్వూ కాయా ఉండవు కదా, ఆ చుక్కల్లోని సిద్ధబీజాలతోనే, అంటే విత్తనాల పని చేసే సన్నటి పొడితోనే, దాని సంతానం. బడిలో చదివిందే!

తీయాల్సినవి ఎండిపోయిన రెమ్మలు మాత్రమే. అవి కూడా మధ్యలోకి కాదు, మొదలంటా. సగానికి కోసిన రెమ్మ మళ్లీ పెరగదు, మోడులా ఉండిపోతుంది. మా విశాఖ గాలిలో తేమకి లోటు లేదు గానీ, బీచ్ రోడ్డు వైపు ఉప్పుగాలికి కొసలు మాడతాయి. అందుకే కుండీని వంటింటి కిటికీ దగ్గరికి, ఎండ నేరుగా పడని చోటికి మార్చాను. మట్టి ఆరనివ్వడం లేదు, అలాగని నీళ్లు నిలవనివ్వడమూ లేదు.

ఈ ఉదయం కాఫీ పట్టుకుని వెళ్తే, మధ్యలో నూగుతో, జంతిక చుట్టల్లా ముడుచుకున్న చిగుళ్లు! లెక్కపెట్టాను, ఏడు. పిన్నిగారికి ఫొటో పంపితే "ముందు ఆ కత్తెర దాచెయ్" అని రిప్లై.